పాత సైకిలుకు కొత్త రంగు వేయించవద్దు

ఉమ్ అల్ క్వైన్ పాత పట్టణం సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన సన్నని ఇసుక నేల మీద వెలసినది. ఒక ప్రక్క గల్ఫ్ సముద్రం, మరొక ప్రక్క మడచెట్లు పెరిగిన ఉప్పునీటి కయ్య. ఉక్కుతో చేసిన సైకిలుకు ఇంతకన్న కఠినమైన నివాసం దొరకడం కష్టం. అయినా పాత రేసు సైకిలు మీద మోజు పడడానికి ఈ దేశంలో ఒక కారణం ఉన్నది. ఎమిరేట్స్ పేరు ధరించిన జట్టు తరఫున తదేయ్ పొగాచర్ 2021లో టూర్ డ ఫ్రాన్స్ గెలిచినది కొల్నాగో సైకిలు మీద. ఆ ఇటలీ సంస్థలో అధిక వాటాను అంతకు ముందు సంవత్సరమే అబుదాబి పెట్టుబడి సంస్థ ఒకటి కొనుగోలు చేసింది. అటువంటి పేరు గల పాత సైకిలు చేతికి చిక్కగానే చాలామందికి తోచే మొదటి ఆలోచన దానిని గీకించి, కొత్త రంగు వేయించడం. సెలవులకు స్వగ్రామం వెళ్ళినవారు తండ్రిగారి సైకిలు విషయంలోనూ ప్రేమతో ఇదే పని చేస్తారు. ఆ ప్రేమ వల్ల వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెరిగిపోతాయి.

ఏ సైకిలైనా ఎవరు చేసినదో తేల్చుకొనడానికి దాని మీది అక్షరాలు చాలవు. ప్రసిద్ధ సంస్థల పేర్లు గల అంటింపు కాగితాలు విడిగా అమ్ముడవుతాయి. వాటిని ఏ ఫ్రేముకైనా అంటించవచ్చు. లోహంలో కోసిన మరలను మార్చడం అంత సులభం కాదు. పెడల్ ఇరుసు తిరిగే గూడు వెడల్పు ఇటలీ ఫ్రేములలో సాధారణంగా 70 మిల్లీమీటర్లు, ఇంగ్లండు ఫ్రేములలో 68. ఇటలీ పద్ధతిలో కుడివైపు కప్పు మామూలు మరవలె బిగుస్తుంది. ఇంగ్లండు పద్ధతిలో అదే కప్పుకు ఎదురు మర ఉంటుంది. ఇటలీ సైకిలని చెప్పి అమ్ముతున్న దానికి ఎదురు మర ఉంటే, ఎగుమతి కోసం అలా చేశారేమో గాని, అమ్మేవానిని మరి రెండు ప్రశ్నలు వేయవలసినదే. సీటు కడ్డీ వ్యాసం కూడ కొంత చెబుతుంది. 1935లో వెలువడిన రేనాల్డ్స్ 531 అనే మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టాలు చివరల మందంగా, నడుమ పలుచగా ఉండేవి. అటువంటి మేలురకం గొట్టాల ఫ్రేములో సాధారణంగా 27.2 మిల్లీమీటర్ల కడ్డీ పడుతుంది. అంతకన్న సన్నని కడ్డీ మాత్రమే పడితే గొట్టం గోడ మందమని, ఉక్కు సాధారణ రకమని అనుమానించవచ్చు.

సంవత్సరం నిర్ణయించడంలో ఎక్కువమంది పొరబడేది ఫ్రేము సంఖ్య దగ్గర. సంఖ్య 72తో మొదలైనంత మాత్రాన అది 1972 కానక్కరలేదు. ఆ సంస్థ లెక్కపద్ధతి తెలియనిదే ఆ అంకెలకు అర్థం లేదు. విడిభాగాలు ఇంతకన్న నమ్మకమైన సాక్షులు. స్టర్మీ-ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బు మీద "ఏ.డబ్ల్యు. 63 5" అని ఉంటే అది 1963 మే నెలలో తయారైనది. షిమానో వారు 1976 నుంచి రెండు అక్షరాలు ముద్రించారు: మొదటిది సంవత్సరం, రెండవది నెల. "ఎఫ్.సి." అంటే 1981 మార్చి. కంపాన్యోలో వారి 1970ల నాటి వెనుక గేరు యంత్రం మీద "పేటెంట్ 74" అని ఉంటే అది హక్కు పొందిన సంవత్సరమని భ్రమపడేవారున్నారు; తయారైన కాలాన్ని సూచించే గుర్తుగా దానిని గ్రహించాలి. ఇక్కడ తర్కం కొంత జాగ్రత్తగా నడవాలి. చక్రాలు మారుతూనే ఉంటాయి. భాగాలన్నీ 1974 ప్రాంతం చూపుతూ ఒక్క హబ్బు మాత్రం 1981 చూపితే, మారినది హబ్బు. అన్నీ 1981 వైపు మొగ్గితే సైకిలు అంతకు ముందు పూర్తయి ఉండదు.

రంగు సంగతి ఇక్కడే వస్తుంది. తొలి రంగు కూడ ఇటువంటి సాక్షే. కొత్త రంగు క్రింద పాత రంగు దాగి ఉంటే పెడల్ గూడు అడుగున, ముందు ఫోర్కు గొట్టం లోపల దాని జాడ మిగిలి ఉంటుంది. ఇసుక విసిరి గీకించినప్పుడు ఈ జాడలు పోవడమే గాక, గొట్టాల కీళ్ళ అంచులు మొద్దుబారుతాయి. మందమైన పొడిరంగు కాల్చి అంటించినప్పుడు సంఖ్య పూడిపోతుంది. కొల్నాగో వారు గూడు అడుగున కోసిన మూడాకుల గుర్తు అంచులు కూడ ఆ పూత క్రింద మందగిస్తాయి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నందున పిల్లలున్న ఇంట పొడిగా గరుకు కాగితంతో రుద్దడం ఆరోగ్యానికీ మంచిది కాదు. ఇదివరకే ఎవరో నాసిరకం రంగు పూసి పాడు చేసిన ఫ్రేము సంగతి వేరు. సంఖ్యలు వ్రాసుకొని, ఛాయాచిత్రాలు తీసి, ఆ తరువాత రంగు వేయించుకొంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు.

మరి తుప్పును ఏమి చేయాలి? సముద్రపు గాలిలోని ఉప్పు కేవలం సోడియం క్లోరైడు కాదు. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే గాని నీరుకారదు. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అందువల్ల ఎడారి దేశమైనా బాల్కనీలో నిలబెట్టిన సైకిలు మీద కంటికి కనబడని తడి పొర ఉంటూనే ఉంటుంది. క్రోమియం పూతకు అతి సూక్ష్మమైన పగుళ్ళుంటాయి. క్రింది నికెల్ పొరకు చిల్లు పడితే, విశాలమైన పూత ప్రక్కన చుక్కంత ఉక్కు మాత్రమే కరుగుతుంది. పైకి మెరుస్తూ లోపల గుంటలు పడడం ఇందువల్లనే. క్లోరైడును తనలో ఇముడ్చుకొన్న తుప్పు, పైపైన తుడిస్తే మళ్ళీ రాజుకొంటుంది. కాబట్టి మొదటి చికిత్స మంచినీటితో పదే పదే కడగడం, పూర్తిగా ఆరబెట్టడం. తరువాత, చేతి తొడుగులతో, పలుచని ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణంలో విడిభాగాలను నానబెడితే తుప్పు కరుగుతుంది. గట్టి రంగుకు, క్రోమియానికి పెద్దగా హాని జరగదు. అల్యూమినియం భాగాలను అందులో ముంచకూడదు. ఆ ఆమ్లం కడుపులోకి పోతే మూత్రపిండాలను దెబ్బ తీసే విషమని ఇంటివారందరికీ చెప్పి ఉంచాలి. స్నానాలగది కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడేవారు మాత్రం ఏ ఉప్పును తొలగించదలచారో ఆ క్లోరైడునే లోహానికి తిరిగి అందిస్తున్నారు. పైగా గట్టిపరచిన ఉక్కు ఇరుసులు హైడ్రోజన్ ను పీల్చుకొని పెళుసుబారే ప్రమాదం కూడ ఉన్నది.

వెల దగ్గర మాటలకన్న అమ్మకాలను చూడాలి. అడిగిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు. వ్యాపారి నోట "యాంటిక్" అనే మాట వెలువడిన క్షణాన అడిగే ధర రెట్టింపవుతుంది. 1972లో మెక్సికో నగరంలో ఎడీ మెర్క్స్ గంటకు 49.431 కిలోమీటర్లు పరుగెత్తించినది కొల్నాగో తయారీయే గాని, ఆ ఘనత అదే పేరుగల ప్రతి సామాన్య సైకిలుకూ సంక్రమించదు. కొనేవారు వెల కట్టేది తొలి రంగుకు, తొలి భాగాల సంపూర్ణతకు, నిటారైన ఫ్రేముకు.

తండ్రిగారి సైకిలు అసలు ఈ జాతిది కాదు. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు గల ఆ బండి మీద రాలీ అనో హెర్క్యులిస్ అనో ఉన్నంత మాత్రాన అది ఇంగ్లండు నుంచి ఓడ దిగినదని చెప్పలేము. ఆసన్‌సోల్ వద్ద సెన్-రాలీ కర్మాగారం, మద్రాసు సమీపాన అంబత్తూరులో 1949లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ సంస్థ ఆ పేర్లతోనే లెక్కకు మించిన బండ్లను తయారు చేశాయి. వాటిలో అధికభాగానికి బజారులో చెప్పుకోదగిన వెల లేదు; గల్ఫ్ కు తెప్పించే రవాణా ఖర్చే అంతకన్న ఎక్కువ కావచ్చు. అయితే వెనుక క్యారియరు మీద బస్తాల రాపిడికి రంగు పోయిన చోటు, హ్యాండిలు మీద అరచేతుల ఒరిపిడికి మెరుపు తగ్గిన చోటు ఆ ఇంటివారికి తప్ప మరెవరికీ అక్కరలేని చరిత్ర. దానిని తెప్పించుకొనదలచినవారు రంగుల దుకాణానికి పంపకుండా, సీటు కడ్డీ ఊడదీసి, గొట్టాల లోపల చెమ్మ ఆరనిచ్చి, నూనె పట్టించి, ఉమ్ అల్ క్వైన్ చేరిన తరువాత బాల్కనీలో గాక ఇంటి లోపలి గదిలో నిలుపుకోవాలి.