మన చప్పట్లు మనకేనా?

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే మన సభల్లో వినిపించే మాట ఒకటుంది: "ఈ ఊరివాళ్ళకు మన కళలంటే లెక్కలేదండీ!" ఏటా అంటున్నాం, ఏటా తలలూపుతున్నాం. ఈసారి ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

చికాగో నగరం 1978లోనే ఒక శాసనం చేసింది. మునిసిపల్ భవనం కడితే, అయ్యే ఖర్చులో 1.33 శాతం కళాకృతులకు కేటాయించాలన్నది దాని సారాంశం. 1984లో, హారొల్డ్ వాషింగ్టన్ మేయరుగా ఉండగా, సాంస్కృతిక వ్యవహారాలకు ప్రత్యేకంగా ఒక శాఖ ఏర్పడింది. 1991లో ఊరి నడిబొడ్డున ఖాళీగా పడివున్న 'బ్లాక్ 37' స్థలంలో డేరాలు వేసి, కుర్రవాళ్ళకు కళలు నేర్పి, నేర్చుకున్నందుకు జీతం కూడా ఇచ్చారు. 2012లో కొత్త సాంస్కృతిక ప్రణాళిక రాసే ముందు పేటల్లో సభలు పెట్టి, "మీకేం కావాలి?" అని జనాన్ని అడిగారు.

అడిగినప్పుడు మనం ఎక్కడున్నాం? ఆ సభలకు వెళ్ళినవారు మనలో ఉంటే చెయ్యెత్తండి. మా చెయ్యి మాత్రం లేవదు.

ఇంకొకటి వినండి. 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనమే నేటి కల్చరల్ సెంటర్. అక్కడి టిఫనీ గాజు గోపురం కింద 2013లో 'రాగమాల' మొదలయింది. సాయంత్రం నుంచి తెల్లవార్లూ హిందుస్థానీ, కర్ణాటక సంగీతమే. టిక్కెట్టు లేదు. 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనం అక్కడికి అర మైలు కూడా లేదు. దేశం నుంచి వచ్చిన ప్రతి బంధువునూ ఆ భవనం ముందు నిలబెట్టి ఫొటో తీస్తాం. నాలుగు అడుగులు వేసి ఈ గుమ్మం మాత్రం తొక్కం. ఇక లెక్కలేనిదెవరికి?

"మేముండేది శివార్లలో, నగరం గ్రాంటు మాకెక్కడిదండీ?" అంటారు. నిజమే, చాలా గ్రాంట్లకు నగరంలో నివాసముండాలి. కాని నగరంలోనూ మనవాళ్ళున్నారు. డెవాన్ వీధి నగరంలోనే ఉంది. పైగా రోజంతా ఈ ఊరి ఆసుపత్రుల్లో ఈ ఊరివాళ్ళ నాడి చూసే మనకు, సాయంత్రమయ్యేసరికి ఊరు పరాయిదైపోతుందా? సినిమా తారను పిలిపించాలంటే గంటలో చందాలు పోగవుతాయి. దరఖాస్తు ఒకటి నింపాలంటే ఎవరికీ తీరిక ఉండదు.

అసలు మన కళలకు తలుపులెప్పుడున్నాయి? కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి, కాగడాల వెలుతురులో, వీధిలోనే ఆడారు. తోలుబొమ్మలాటకు ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చునేది. బుర్రకథకు సంతకొచ్చినవాడూ శ్రోతే. దారినపోయేవాణ్ణి ఆపి నిలబెట్టగలిగితేనే ఆ కళాకారుడికి పూట గడిచేది. అలాంటి కళను తెచ్చి బడి ఆడిటోరియంలో పెట్టి తలుపులు మూసుకున్నాం. తల్లిదండ్రులు వీడియో తీస్తారు, తమ పిల్ల వంతు కాగానే లేచి భోజనాల వరుసలో నిలబడతారు.

పదేళ్ళు నేర్చిన అమ్మాయి రంగప్రవేశం కాగానే గజ్జెలు పెట్టెలో పెట్టేస్తోందని వాపోతున్నాం. తన నాట్యం కోసం ముక్కూ మొహం తెలియనివాడు ఒక్కడైనా ఆగి చూశాడన్న తృప్తి ఆ పిల్లకు ఎన్నడైనా ఇచ్చామా?

కనుక మా మనవి మూడు ముక్కలు. నగర కళాశాఖ సభ పెడితే సంఘం తరఫున ఇద్దరైనా వెళ్ళాలి. నగరంలో ఉంటున్న మన నాట్య, సంగీత గురువుల చేత గ్రాంటుకు దరఖాస్తు చేయించాలి. ఇంగ్లీషు కాగితాల పని మనం చూసిపెట్టాలి. ఏడాదికి ఒక్క ప్రదర్శనైనా, భోజనాలు లేకుండా, పార్కులో అందరి ఎదుటా జరగాలి.

మొదటిసారి పదిమందే ఆగవచ్చు. ఆగనివ్వండి. ఆ పదిమందీ మన చుట్టాలు కాకపోతే చాలు.