పొగను ఆపబోయినందుకు జరిమానా

కెనడా పార్లమెంటు 1997లో ఒక చట్టం చేసింది. పెట్రోలులో కలిపే ఎంఎంటీ అనే మాంగనీసు రసాయనాన్ని దిగుమతి చేసుకోవద్దు, రాష్ట్రాల మధ్య అమ్మవద్దు అంది. ఆ రసాయనం కార్లలో కాలుష్యాన్ని అదుపుచేసే పరికరాలను పాడుచేస్తోందని మొత్తుకున్నది ఎవరో కాదు, కార్ల కంపెనీలే.

చట్టం అమల్లోకి రాకముందే ఎంఎంటీని తయారుచేసే అమెరికా కంపెనీ ఎథిల్ కెనడా ప్రభుత్వం మీద పడింది. అమెరికా, కెనడాలు కలిసి రాసుకున్న నాఫ్టా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 11వ అధ్యాయం చూపించి, 25 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారం కావాలని మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 1998 జులైలో కెనడా లొంగిపోయింది. నిషేధం ఎత్తేసింది, కోటీ 30 లక్షల డాలర్లు కట్టింది. పైగా ఎంఎంటీ వల్ల హాని ఉన్నట్టు ఆధారాల్లేవని ప్రకటన కూడా ఇచ్చుకుంది! ఒక ప్రజా ప్రభుత్వానికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం ఫిర్యాదు మీద ఆ దేశ అంతర్గత వాణిజ్య ప్యానెల్ కూడా ఆ చట్టాన్ని తప్పుపట్టిన మాట నిజమే. పెట్రోలులో కలిపే మోతాదులో ఆరోగ్యానికి ముప్పు తేలలేదని అక్కడి ఆరోగ్య శాఖ హెల్త్ కెనడా అన్నదీ నిజమే. కానీ 1920లలో పెట్రోలులో సీసం కలిపి అమ్మింది ఇదే ఎథిల్. రుజువు చూపించండి అని అప్పుడూ అన్నారు. రుజువు దొరికేసరికి రెండు మూడు తరాల పిల్లల మెదళ్లు మూల్యం చెల్లించాయి. మన దేశం సీసం లేని పెట్రోలుకు పూర్తిగా మారేసరికి 2000 సంవత్సరం వచ్చింది. అనుమానం ఉన్నప్పుడే ఆపే హక్కు ప్రభుత్వానికి లేకపోతే, ఇంకెవరికి ఉండాలి?

సుంకాలు తగ్గించుకోవడం వ్యాపారం. గాలిని కాపాడే చట్టం మీద పరాయి కంపెనీ పరిహారం గుంజుకోవడం వ్యాపారం కాదు, దోపిడీ. నాఫ్టా స్థానంలో 2020లో వచ్చిన ఒప్పందంలో అమెరికా, కెనడాలు తమ మధ్య కంపెనీలు ఇలా పరిహారం అడిగే హక్కునే తీసేశాయి. దాన్ని రాసుకున్న దేశాలే వదిలించుకున్నాయి!

మనమో? పరాయి కంపెనీ మొదట మన కోర్టుల్లో ఐదేళ్లు పోరాడాకే బయటి మధ్యవర్తుల దగ్గరికి వెళ్లాలని 2015 నమూనా పెట్టుబడి ఒప్పందంలో రాసుకున్నాం. 2024లో యూఏఈతో చేసుకున్న ఒప్పందంలో దాన్ని మూడేళ్లకు దించాం. ఇలాంటి ఒప్పందాలకు మన దగ్గర పార్లమెంటు ఆమోదం కూడా అక్కర్లేదు. రేపు హైదరాబాద్‌లోనో విశాఖలోనో వాహనాల పొగకు కళ్లెం వేస్తే ఎవరికి పరిహారం కట్టాల్సి వస్తుందో, సంతకాలు కాకముందే మీ ఎంపీని నిలదీయండి.