పొట్లముపై మాటను నమ్మవచ్చునా?

గడచిన విద్యాసంవత్సరారంభమున మా వసతిగృహములోని యొక విద్యార్థి నాయొద్దకు వచ్చి, చేతిలోని బిస్కత్తుల పొట్లమును చూపి, "మాస్టరుగారూ, దీనిమీద గ్లూటెన్ లేదని వ్రాసియున్నది. నేను తినవచ్చునా?" యని యడిగెను. ప్రశ్న చిన్నదే. కాని వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఇరువదియేండ్లుగా పిల్లలకు చదువు నేర్పుచున్నవాడనే గాని, పొట్లముపై చదివినదానిని ఎంతవరకు నమ్మవలయునో యెన్నడును ఆలోచించియుండలేదు. ఆ ప్రశ్నకు నేను వెదకికొన్న సమాధానమును విద్యార్థులకును, తలిదండ్రులకును, వసతిగృహమును నడపు పెద్దలకును ఇచ్చట విన్నవించుచున్నాను.

మొదట నా తప్పును ఒప్పుకొనవలయును. ఆ బాలుడు మా పాఠశాలలో చేరిన తొలియేడు తరగతిలో నందరికన్న పొట్టివాడు. ముఖము పాలిపోయి యుండెను. మధ్యాహ్నపు పాఠములలో బల్లపై తల వాల్చెడివాడు. కడుపునొప్పి యని తరచుగా సెలవడిగెడివాడు. అది చదువు తప్పించుకొను నెపమని తలచి పలుమారులు మందలించితిని. ఒకనాడు తరగతి యందరి యెదుట నిలువబెట్టితిని. వేసవి సెలవులలో తలిదండ్రులు అతనిని పెద్ద వైద్యశాలకు కొనిపోగా, వైద్యులు రక్తమును, చిన్నప్రేవునుండి తీసిన చిన్న తునకను పరీక్షించి, సీలియాక్ వ్యాధి యని నిర్ణయించిరి. అతడు సోమరి కాడు. తిన్నది ఒంటబట్టని రోగి.

గోధుమపిండిని ముద్దగా కలిపి నీటిలో పిసికి కడిగినచో, తెల్లని పిండి కొట్టుకొనిపోయి సాగుడుగల జిగురుముద్ద మిగులును. అదియే గ్లూటెన్. బార్లీ, రై యను ధాన్యములందును ఇట్టి పదార్థము కలదు. ఈ వ్యాధి గలవారు దానిని తిన్నపుడు శరీరము తన ప్రేవులపై తానే దండెత్తును. ఆహారసారమును పీల్చుకొను సన్నని మొలకలు ప్రేవులలో అణగిపోవును. దీనిని నయముచేయు మందు లేదు. జీవితాంతము గ్లూటెన్‌ను విడిచియుండుటయే చికిత్స. రొట్టెకును ఈ వ్యాధికిని గల సంబంధమును నిరూపించినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1944-45 చలికాలపు కరవులో రొట్టె దొరకనపుడు ఈ రోగమున్న పిల్లలు కోలుకొనుటయు, రొట్టె తిరిగి వచ్చినపుడు మరల క్షీణించుటయు అతని యనుమానమును బలపరచెను. 1950లో నాతడీ విషయమును సిద్ధాంతగ్రంథముగా ప్రకటించెను.

మన ప్రాంతమున ఈ వ్యాధి యరుదు. 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము ఉత్తరభారతమున పెద్దవారిలో వేయింటికి ఎనిమిది తొమ్మిది మందికిని, దక్షిణమున పదివేలకు సుమారు ఒక్కరికిని ఇది కలదు. అందుచేతనే మన వంటవారికిని, దుకాణదారులకును, నావంటి ఉపాధ్యాయులకును దీని పేరైనను తెలియదు. కాని పదివేలలో ఒక్కడైన బాలునికి ఆ లెక్క యోదార్పు కాదు. తనను ఎరిగినవారు లేకపోవుటచేత అతని కష్టము ఇంకను హెచ్చును.

ఇక పొట్లముమీది మాట. "గ్లూటెన్ లేదు" అనగా బొత్తిగా లేదని యర్థము కాదు. అంతర్జాతీయ ఆహారప్రమాణములను నిర్ణయించు కోడెక్స్ సంఘము 2008లో సవరించిన నియమమును బట్టి, కిలోగ్రాము పదార్థములో 20 మిల్లీగ్రాములకు మించకున్నచో ఆ మాట వ్రాయవచ్చును. మన దేశపు నిబంధనయు, అమెరికావారు 2013లో చేసిన నిబంధనయు ఇంచుమించుగా నిట్టివే. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలోనో, పరీక్షకు అందునంత గ్లూటెన్ ఉండరాదు. మాట యొక్కటియే, దేశమునుబట్టి కొలత వేరు.

ఈ 20 పాళ్ల కొలత రోగికి క్షేమమా? లెక్క వేసి చూతము. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, దినమునకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడునెలలు గ్లూటెన్ తీసికొన్న రోగుల ప్రేవులు చెడినట్లు తేలెను. దినమునకు 10 మిల్లీగ్రాములకు లోబడినచో పెక్కుమందికి హాని లేదని వైద్యులు తలచుచున్నారు. 20 పాళ్లున్న బిస్కత్తులు 100 గ్రాములు తిన్నచో కడుపులో పడునది 2 మిల్లీగ్రాములే. కాని ఉదయమున పొట్లపు రొట్టె, మధ్యాహ్నమున పొట్లపు పిండి, రాత్రి పొట్లపు సేమియా తినుచు మొత్తము అరకిలో చేసినచో 10 మిల్లీగ్రాములు కావచ్చును. కావున మిక్కిలి సున్నితమైన దేహము గలవారు పొట్లములను మితముగా వాడి, 10 పాళ్లకు లోబడిన ధ్రువపత్రము గలవానిని వెదకుట మేలు.

కొలత సరియైనదే యైనను చేయువారి చేయి తప్పవచ్చును. 2015 అక్టోబరులో అమెరికాలోని జనరల్ మిల్స్ సంస్థ, గ్లూటెన్ లేదని ముద్రించి యమ్మిన చీరియోస్ పెట్టెలను సుమారు 18 లక్షలు వెనుకకు పిలిపించెను. కాలిఫోర్నియాలోని లోడై కర్మాగారమునకు ఓట్సుపిండిని రైలుపెట్టెలనుండి లారీలలోనికి మార్చి తెచ్చుటలో జరిగిన పొరపాటుచేత గోధుమపిండి అందు చేరెను. మోసము లేదు, అజాగ్రత్తయే. ఆ సంస్థ తానే బహిరంగముగా నొప్పుకొనెను గనుక జనులకు తెలిసెను.

ఇట్టి సంగతులు విని, "ఏ పొట్లమును నమ్మవద్దు, ఇంటితిండియే మేలు" అని కొందరు చెప్పుచున్నారు. ఇందు సగము నిజము కలదు. వరి, జొన్న, రాగి, సజ్జ, కంది, పెసర మొదలగువానిలో స్వభావముచేతనే గ్లూటెన్ లేదు. ఈ బాలునికి తెలుగుదేశపు వంట వరమే. కాని మన ఊరి పిండిమరను తలచుకొనుడు. గోధుమలు విసరిన మరలోనే జొన్నలు విసరుదుము. ఒక గ్రాము గోధుమపిండిలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉండును. మరలో మిగిలిన ఆ యొక్క గ్రాము కిలో జొన్నపిండిలో కలిసినచో, అనుమతింపబడిన 20 పాళ్లకు నాలుగు రెట్లగును. విడిగా కొన్న ఆ పిండికి చీటి లేదు, పరీక్ష లేదు, బదులు చెప్పువాడును లేడు. కావున చీటిపై వ్రాసిన మాట, ఏమియు వ్రాయని సంచికన్న మేలని నా యభిప్రాయము. వ్రాసినవానిని నిలదీయవచ్చును గదా.

అయితే న్యాయస్థానములో సాక్షిని నమ్మునట్లు, ప్రశ్నించి నమ్మవలయును. ముందువైపు పెద్ద యక్షరములు అమ్మువాని కోరికను తెలుపును. వెనుకవైపు చిన్న యక్షరములు పదార్థమును తెలుపును. అందు గోధుమ, మైదా, రవ్వ, బార్లీ, మాల్టు అను మాటలున్నవేమో చూడవలయును. మన యింట మొలకెత్తించి చేసిన రాగిమాల్టులో రాగియే యుండును. అంగడి మాల్టులో బార్లీయో గోధుమయో ఉండవచ్చును. ఓట్సు పొలమునను మరలోను గోధుమతో కలియుట సాధారణము. గ్లూటెన్ గల ధాన్యములు చేరినచో ఆ సంగతి వేరుగా ప్రకటింపవలయునని 2020 నాటి మన లేబిలు నిబంధనలు విధించుచున్నవి. 14 అంకెల అనుమతిసంఖ్యయు, తయారుచేసినవారి చిరునామాయు ఉన్నచో ఉత్తరము వ్రాసి, "ఏ పద్ధతిని పరీక్షించుచున్నారు? అదే యంత్రముపై గోధుమ విసరుచున్నారా?" యని యడుగవచ్చును. నిన్న తిన్న పొట్లమైనను నేడు మరల చదువవలయును; పాళ్లు మారుచుండును.

ఆ బాలుడును నేనును కూర్చుండి బిస్కత్తుల పొట్లమును ఇట్లే చదివితిమి. దోషమేమియు కనబడలేదు, అతడు తినెను. అయినను క్రిస్మసు సెలవులకు ముందు పాత జబ్బు తిరిగి వచ్చెను. మేమందరమును బిస్కత్తులనే నిందించితిమి. చివరకు అతని తల్లి వంటశాలలోనికి వచ్చి ఒక్కొక్క డబ్బీని త్రిప్పి చూచెను. దినదినము చారులో వేయుచుండిన ఇంగువ శుద్ధమైన ఇంగువ కాదు, గోధుమపిండి కలిపినది. ఆ సంగతి డబ్బీమీద స్పష్టముగా ముద్రింపబడియే యున్నది! పొట్లము అబద్ధమాడెనేమో యని మేము తర్కించుచుండగా, నిజము చెప్పిన చీటిని ఒక్కరును చదువలేదు. పూరీలు వేచిన నూనెలోనే వడలు వేయుటయు, చపాతి కాల్చిన పెనముమీదనే దోసె పోయుటయు ఆనాడే మా కంటబడెను.

ఇంకొక సంగతి నన్ను మిక్కిలి నొప్పించెను. నొప్పి మూడువారములకు ముందే మొదలయ్యెనట. ఏల చెప్పలేదని యడుగగా, "మరల నెపమందురేమో యని భయపడితిని" అని తలవంచుకొనెను. నా పాత మాట అతని నోరు కట్టివేసెను.

ఇప్పుడు మా వంటశాలలో అతనికి వేరు గరిటె, వేరు పెనము కలవు. ఇంగువ లేకయే చారు కాచుచున్నారు. రుచి తక్కువైనదని యెవ్వరును ఫిర్యాదు చేయలేదు. తలిదండ్రులకు నా మనవి: మీ బిడ్డకు ఏ యాహారము పడదో ప్రవేశమునాడే వ్రాసి యిండు. వంటశాల పెద్దలకు నా మనవి: ప్రతి డబ్బీ వెనుకవైపును వంటవారికి చదివి వినిపించుడు. విద్యార్థులారా! పుట్టినరోజు పండుగలో "ఒక్క ముక్క తిన్న నేమగును?" అని మీ స్నేహితుని బలవంతపెట్టకుడు, వద్దనుట అతనికి మీకన్న కష్టము.

ఆ ప్రశ్నకు నేడు నా బదులిది: నాయనా, చదివి, అడిగి, పిమ్మట నమ్ముము. అయినను నొప్పి కలిగినచో చీటి చెప్పినదానికన్న నీవు చెప్పినదానినే నేను ముందుగా నమ్మెదను.