ఫ్యాన్ ఆపండి, మాట్లాడండి

సూర్యాపేట, కోదాడల్లో హైవే లారీల హారన్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల మోత. ఇక్కడ కొత్తగా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టేవారు ముందు ఖరీదైన మైకు కోసం వెతుకుతారు. నిజానికి మైకుకన్నా గది ముఖ్యం. వట్టి గోడల హాల్లో మాట మార్మోగుతుంది. పరుపు, బొంతలు, బట్టల బీరువా ఉన్న చిన్న గది చాలు. ఫ్యాన్ ఆపేయాలి, చెమట పట్టినా సరే! ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'భ' పలికినప్పుడల్లా గాలి తగిలి 'టప్'మంటుంది.

ఇక గొంతు. టీవీ యాంకర్‌ని అనుకరించడం దేనికి? విజయవాడ రేడియోలో ఉషశ్రీ రామాయణ, భారతాలు చెబుతుంటే అరుగు మీద కూర్చుని పక్కవాడితో మాట్లాడినట్టుండేది. కాగితం చూసి చదివితే వినేవారికి ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు ముక్కలు రాసుకుని, స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటి యాసలోనే చెప్పండి.

అసలు జాగ్రత్త పెద్దవాళ్లతో మాట్లాడించేటప్పుడు. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం 2022లో కన్నుమూశారు. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఒకరో ఇద్దరో. అలాంటి నాయనమ్మ చెబుతుంటే మధ్యలో 'ఊఁ', 'అవునవును' అనకండి, తల ఊపితే చాలు. ఆమె ఆగితే వెంటనే మరో ప్రశ్న వేయకండి. అసలు సంగతి ఆ మౌనం తర్వాతే వస్తుంది చాలాసార్లు. ముందే ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని చూసుకోండి. మళ్లీ చెప్పమంటే ఆ వయసులో ఓపిక ఉండదు. పొద్దున్నే వెళ్లండి, రోడ్డు మీద రద్దీ పెరగకముందే.