అభ్యర్థి ఎవరిని అర్థించాలి?

అభ్యర్థి అనగా అర్థించేవాడు. మన అభ్యర్థులు తొలుత అర్థించేది మనలను కాదు, అధిష్ఠానాన్ని. 2023 శాసనసభ ఎన్నికలకు భారత రాష్ట్ర సమితి 115 పేర్లను ఒక్కనాడే ప్రకటించింది. కాంగ్రెసు రుసుముతో దరఖాస్తులు స్వీకరించింది. మా వనపర్తికి మొదట చిన్నారెడ్డిగారిని ప్రకటించి, పిదప మేఘారెడ్డిగారిని నిలిపింది. ఆయన గెలిచారు. కానీ ఏ పార్టీ కూడా అభ్యర్థి ఎంపికకై ఇక్కడి సభ్యులచేత ఓటు వేయించలేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2024 జనవరిలో రిపబ్లికన్లు గడ్డకట్టే చలిలో బడులలో, చర్చిలలో కూడి, అధ్యక్ష పదవికి తమలో ఎవరు తగుదురో చీటీలు వేసి తెలిపారు. కాకస్ అంటే అదే. అక్కడా ధనబలం ఉంది. అయినా సభ్యునికి మాట ఉంది.

గద్వాలలోనైనా నాగర్‌కర్నూలులోనైనా జెండా మోసే కార్యకర్తకు ఆ చీటీ దక్కాలి. టికెట్టు ఇచ్చినవారికే గదా గెలిచినవాడు ఋణపడి ఉండేది! మీరేమంటారు?