పరమగీతానికి పదం పనికిరాదా?

ఈ టపా కొంత ఆగ్రహంతోనే వ్రాస్తున్నాను.

దుమ్ముగూడెం వైపు అడవిపల్లె నుండి వచ్చి నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె, తరువాత ఖమ్మంలో సంగీతం నేర్చుకున్నది. తమ్ముని పెళ్ళిలో బైబిలులోని పరమగీతాన్ని క్షేత్రయ్య పదాల ఫణితిలో పాడాలని ఆమె కోరిక. "మన రాగాలు వాళ్ళ గ్రంథానికా?" అన్నారట గురువుగారు. "అది శృంగారం కాదమ్మా, క్రీస్తుకూ సంఘానికీ గల అనుబంధం. పదంగా పాడితే చులకనైపోతుంది" అన్నారట సంఘపెద్ద. ఇద్దరూ పెద్దలే. ఇద్దరూ పొరబడ్డారు.

గురువుగారికి నా సమాధానం చిన్నది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధురి గారు మన రాగాలలోనే క్రీస్తు కీర్తనలు రచించారు. మన పక్కనే ఉన్న దోర్నకల్లులో, బిషప్ అజరయ్య గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన చర్చిలో గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసి నిలిచాయి. రాతికి అంటని మైల రాగానికెలా అంటింది? 2018 ఆగస్టులో చెన్నైలో ఓ.ఎస్. అరుణ్ గారి క్రైస్తవ గీతాల కచేరీ విమర్శల నడుమ రద్దయినప్పుడు, ఇది మనదాకా రాదులే అనుకున్నాను. వచ్చింది.

సంఘపెద్దగారితోనే నా అసలు పేచీ. లోపలి అర్థాలు చెప్పడం మాకు కొత్త కాదు. గీతగోవిందంలో జీవాత్మ పరమాత్మలను దర్శించినవారు మాలోనూ ఉన్నారు. అయినా అష్టపదులు పాడడం మానలేదే! 1584లో పాలెస్ట్రీనా పరమగీతాన్ని ఇరవైతొమ్మిది గీతాలుగా స్వరపరచి సాక్షాత్తు పోపుకే అంకితమిచ్చాడు. అప్పుడు లేని చులకన ఇప్పుడెక్కడిది?

అయిదవ అధ్యాయం తీసి చూడండి. రాత్రివేళ ప్రియుడు తలుపు తడతాడు. ఆమె లేవడానికి వెనుకాడుతుంది. తలుపు తీసేసరికి అతడు లేడు. వీథులవెంట వెదకుతూ కావలివారి చేత దెబ్బలు తింటుంది. మా లాక్షణికులు ఈమెను కలహాంతరిత అంటారు. (కలహమెక్కడుందని అడగకండి. వచ్చినవానిని కాదని, పిమ్మట పరితపించడమే అక్కడ ప్రాణం.)

అమెరికా స్వరకర్త డేవిడ్ లాంగ్ 2014లో ఈ గీతం ఆధారంగానే 'జస్ట్' అనే కృతి చేశారు. మూడు స్త్రీకంఠాలు, వయోలా, చెల్లో, కొద్దిపాటి తాళవాద్యాలు. నీది, నాది, మనది అంటూ ప్రేయసీప్రియుల సొత్తును ఒక్కొక్కటిగా పేర్కొనడమే ఆ పాట. విన్నాను, కళ్ళు చెమర్చాయి. కాని తలుపు దగ్గర నిలబడ్డ ఆ నాయిక అందులో లేదు. ఆమెను నిలపగలిగినది పదం. ఒక్క పల్లవినే తిప్పి తిప్పి, విలంబంగా, ప్రతిసారీ వేరొక భావం పలికించే ప్రక్రియ మనకుండగా దానికి తాళం వేస్తామా?

ద్రాక్షతోటలు కాసి ఎండకు నల్లబడ్డానని చెప్పుకునే నాయిక ఆమె. చిన్ననాట వేసవి తెల్లవారుజామున ఇప్పపూలేరి, పగలంతా చేను కాసిన మా అమ్మాయికి ఆ నాయికను ఎవరు పరిచయం చేయాలి?

"సారూ, ఆనందభైరవిలో పల్లవి కుదిరింది" అని నిన్న ఫోను చేసింది. పెళ్ళి జనవరిలో. నేను వెళుతున్నాను. ఆ పెద్దలిద్దరినీ కూడా పిలవమని చెప్పాను.