సింధూరవృక్షానికి వేసవి నీళ్లు

పచారీ దుకాణాల్లో మాచికాయ అని అమ్ముతారు, మిత్రులందరికీ తెలిసినదే. మా అమ్మమ్మగారు దానిని సానమీద అరగదీసి పసిపిల్లల నాలుకకు రాసేవారు. అది కాయే కాదన్న సంగతి మాత్రం నాకు అరవయ్యో పడికి చేరువైతేగాని తెలియలేదు. పశ్చిమాసియా కొండల్లో పెరిగే ఒకానొక ఓక్ చెట్టు కొమ్మలో కందిరీగ జాతి చిన్న పురుగు గుడ్డు పెడితే, దాని చుట్టూ చెట్టు కట్టుకున్న బుడిపె అది. 35 ఏళ్లు పిల్లలకు నిఘంటువు చూడమని చెప్పిన పండితుడిని, ఆ ఒక్క మాట మాత్రం నేను చూడలేదు!

మన తెలుగు బైబిలు అనువాదకులు ఓక్‌ను సింధూరవృక్షమన్నారు. మమ్రే దగ్గర అబ్రాహాము గుడారం వేసుకున్నది సింధూరవనంలోనే. ఎర్రగింజల జాఫరా చెట్టుతో పొరబడే ప్రమాదం ఉన్నా, పేరు వినసొంపుగా ఉన్నది కనుక ఈ టపాలో నేనూ అదే వాడుకుంటాను.

ఇక అసలు విషయం. పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్న మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. ఆరు నెలలు అక్కడ గడిపి వచ్చి, ‘కొండలన్నీ ఎండి మోడువారాయి, చూడటానికి ఏముంది’ అని రాస్తూ ఉంటారు. ఆ అభిప్రాయంతో నాకు పేచీ ఉన్నది. ఒకప్పుడు నాదీ అదే అభిప్రాయం; దానికి ఒక చెట్టు మూల్యం చెల్లించింది.

మా అమ్మాయి ఇల్లు శాన్ హోసేకు తూర్పున కొండవాలు మీద ఉంది. 2017 వేసవిలో మొదటిసారి వెళ్లాను. పెరట్లో ఇద్దరు చేతులు చాపినా అందని బోదెతో ఒక సింధూరం. ఏడాది పొడుగునా ఆకు నిలిచే జాతి. ఆకు దోనెలా వంగి, అంచున ముళ్లతో ఉంటుంది. ఇంటి పాత యజమానులు దాని మొదట్లోనే పచ్చికబయలు వేయించారు. జూలైలో నేల నెర్రెలిచ్చింది. మన ప్రాంతంలో వేసవిలో చెట్టుకు బిందెడు నీళ్లు పోయడం పుణ్యం కదా! నేను రోజూ సాయంత్రం గొట్టం పట్టుకుని మొదలు తడిసేలా పోశాను. 2019లో వెళ్లినప్పుడూ అదే పని. 2023 జనవరిలో వరుస తుఫానులు వచ్చినప్పుడు ఆ చెట్టు ఒక రాత్రి వేళ్లతో సహా వాలిపోయింది. చెట్ల వైద్యుడు వచ్చి వేరు విరిచి చూపాడట, లోపల కుళ్లు. “వేసవిలో నీళ్లు పెట్టారా?” అని అడిగాడట. అమ్మాయి ఫోనులో ఈ మాట మెల్లగా, నొప్పి కలగకుండా చెప్పింది. నేరం పచ్చికదీ నాదీ అనుకుంటాను.

మన దేశంలో ఎండ ముదిరాక వాన వస్తుంది. అక్కడ వాన చలితో కలిసి వస్తుంది. నవంబరు నుండి ఏప్రిల్ దాకా కురిసి, ఆపైన అక్టోబరు దాకా దాదాపు చినుకుండదు. నేల తడిగా ఉన్నప్పుడు చల్లగా ఉంటుంది, వెచ్చగా ఉన్నప్పుడు పొడిగా ఉంటుంది. వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్థోరా, ఆర్మిలేరియా వంటివి పెచ్చుపెరగడానికి వెచ్చదనమూ తడీ రెండూ కలిసి కావాలి. ఆ రెంటినీ కలిపింది నా గొట్టం. చెట్టు వెంటనే చావదు, ఏళ్ల తరబడి చస్తుంది. అందువల్ల ఎవరికీ దోషం అంటదు. (ఫైటోఫ్థోరాలలోనే మరొకటి చలికాలపు వానతో, బే చెట్ల ఆకుల మీదుగా వ్యాపించి వేలాది సింధూరాలను చంపింది. దానిని 2000లో గుర్తించారు. అది వేరే కథ.)

హామిల్టన్ కొండ దారిలో వెళ్తే ఆ వృక్షాల లౌక్యం కంటికి కనిపిస్తుంది. ఉత్తరానికి తిరిగిన వాలుల్లో ఎండ తక్కువ, చెమ్మ నిలుస్తుంది. అక్కడ చెట్లు గుమిగూడి ఉంటాయి. దక్షిణపు వాలుల్లో గడ్డే ఎక్కువ. నీలి సింధూరమనే జాతి రాతి పగుళ్లలోకి లోతుగా వేళ్లు దించుతుంది. కరువు మరీ ముదిరితే వేసవిలోనే ఆకు రాల్చి ఊరుకుంటుంది. మనం మోడు అనుకున్నది దాని పొదుపు.

పసుపు గడ్డి సంగతి వేరు. అందులో అధికభాగం ఐరోపానుండి వచ్చినది. 1769 తరువాత స్పెయినువారి వలసలతో, పశువులతో దిగింది. వసంతంలో తొందరగా పెరిగి పైమట్టి తడిని తాగేస్తుంది. సింధూరపు మొలకకు మిగలదు. మొలక మిగిలినా జింకలు, పశువులు ఉన్నాయి. అందుకే చాలాచోట్ల ముసలి చెట్లే కనిపిస్తాయి, పిల్లచెట్లు అరుదు. 1792లో వాంకూవర్ అనే ఆంగ్ల నావికుడు శాంతాక్లారా లోయ చూసి, ఎవరో నాటి పెంచిన ఉద్యానంలా ఉన్నదని మురిశాడు. నిజానికి అక్కడ కాపుదారులు ఉన్నారు. ఒలోనీ ప్రజలు గడ్డిని అదనెరిగి తగలబెట్టేవారు, సింధూరకాయలను దంచి, నీటిలో కడిగి వగరు పోగొట్టి జావ కాచుకునేవారు. మన ఉత్తరాంధ్ర మన్యంలో మామిడి టెంకల పిండితో అంబలి చేసినట్టే. ఈ పోలిక నాకు ఎంతో ఇష్టం.

కనుక నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను. ముసలి సింధూరం ఉన్న ఇల్లు కొన్న మన పిల్లలు దాని కింద పచ్చిక పీకించాలి. వాలును చదును చేస్తామని మొదట్లో మట్టి పోయించకూడదు, వేళ్లకు ఊపిరాడదు. రాలిన ఆకును గోడ పక్కన తప్ప మరెక్కడా ఊడ్వకూడదు. ఆ ఒక్కచోట మాత్రం ఊడ్చి తీరాలి, అక్కడ కార్చిచ్చు భయం నిజమైనది.

ఈ సంవత్సరం అమ్మాయి ఒక ఫోటో పంపింది. కంచె పక్కన జానెడు మొలక. స్క్రబ్ జే అనే నీలిరంగు పిట్ట కాయలను దాచిపెట్టి కొన్నింటిని మరిచిపోతుంది. ఇది దాని మరపు అయి ఉంటుంది. అల్లుడుగారికి ఆ చోటులో పిల్లల ఊయల వేయాలని ఉన్నదట. నేను ఇంకా జవాబు రాయలేదు. ఊయల రెండు గజాలు అవతల వేసినా ఊగుతుందని రాయాలనుకుంటున్నాను.